పెట్రోల్ ట్యాంకు లోపలి తుప్పు: కడగడం, ఆరబెట్టడం, పూత వేయడం

2022 జూలైలో గోదావరి పొంగి, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో ఇళ్లలోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. గేదెల్నీ, బియ్యం బస్తాల్నీ, కొత్త బండినీ ఏటిగట్టు మీదికి చేర్చాం. నాన్న పాత బండి మాత్రం కొబ్బరికాయల కొట్టంలోనే ఉండిపోయింది. నీళ్లు తీసి, ఇల్లు కడుక్కుని, మళ్లీ ఆ బండి మొహం చూసేసరికి నెల దాటింది. ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే లోపల రేకు కనిపించలేదు. ఎర్రమట్టి మెత్తిన గోడలా ఉంది.

ఆ ట్యాంకుని నేను రెండుసార్లు బాగుచేశాను. మొదటిసారి శ్రావణంలో, ముసురు పట్టిన రోజుల్లో, నాన్న బండి త్వరగా రోడ్డెక్కాలన్న ఆత్రంతో చేశాను. తుప్పు బాగానే వదిలింది, పూతా బాగానే పట్టింది అనుకున్నాను. సంక్రాంతి నాటికి ఆ పూత పాల మీద మీగడలా లేచింది. ముక్కలు వెళ్లి పెట్రోల్ ట్యాపు జాలీకి అడ్డం పడ్డాయి. పండగ సామాన్లతో వెళ్తున్న నాన్న, పంటకాలవ గట్టు మీద బండి తోసుకుంటూ రావాల్సి వచ్చింది. ఎంత చూసినా కారణం ఒక్కటే తేలింది: పూత కింద తడి. ఫాల్గుణంలో మళ్లీ మొదటినుంచీ చేశాను. అది ఈ రోజుకీ గట్టిగా ఉంది.

అందుకే కింద చెప్పే పనిలో ఆరబెట్టే భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. మన డెల్టాలో ట్యాంకు పాడయ్యేది అక్కడే, బాగుపడేదీ అక్కడే.

ముందు తుప్పు ఎంత ఉందో చూడండి

ఒక తెల్ల గాజు సీసా తీసుకోండి. పెట్రోల్ ట్యాపు పైపు ఊడదీసి అర లీటరు పెట్రోలు అందులోకి పట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లు ఉంటే పెట్రోలు కింద వేరే పొరగా దిగుతాయి, గీత గీసినట్టు తెలుస్తుంది. ఆ గీత కింద ఎర్రటి పొడి పేరుకుంటే మీ ట్యాంకులో పని ఉన్నట్టే.

నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయంటే, వరదే రానక్కర్లేదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు ఊపిరి పీలుస్తుంది. పగలు ఎండకి లోపలి గాలి వేడెక్కి మూత కన్నంలోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే అదే కన్నంలోంచి బయటి తేమగాలి లోపలికి వస్తుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్లలో ఆ గాలికి ఉప్పు కూడా తోడు. తేమ చల్లటి రేకుకి పట్టి చుక్కలై కిందికి జారుతుంది. అందుకే తుప్పు అడుగున ఒక్కచోటే కాదు, పెట్రోలు తగలని పైభాగంలోనూ దట్టంగా ఉంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. కొంతవరకూ కలుపుకుంటుంది, మోతాదు మించితే నీళ్లతో సహా విడిపోయి అడుగుకి దిగుతుంది. రోజూ తిరిగే బండికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. నెలల తరబడి నిలబెట్టిన బండికి ఇబ్బందే.

ట్యాంకుకి అయస్కాంతం తగిలించి చూడండి. అతుక్కుంటే ఉక్కు రేకు, ఇక్కడ చెప్పేదంతా దానికే. అతుక్కోకపోతే అల్యూమినియమో ప్లాస్టిక్కో అయ్యుంటుంది. అల్యూమినియానికి పుల్లటి మందులూ పడవు, కాస్టిక్ సోడా అసలే పడదు.

నిప్పు దగ్గర లేకుండా చూసుకోండి

నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదం. నిండుగా ఉంటే ఆవిరికి చోటుండదు. ఖాళీ చేశాక లోపలంతా పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ వెళ్తుంది. సాయంత్రం తులసికోట దగ్గర దీపం, పెరట్లో కట్టెల పొయ్యి, అరుగు మీద ఎవరో వెలిగించిన చుట్ట, వీటన్నిటినీ అందుకోగలదు. పని ఆరుబయట పెట్టుకోండి. ఇంట్లోవాళ్లందరికీ ముందే చెప్పండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశాకే ట్యాంకు మీద చెయ్యి వేయండి.

ట్యాంకుకి చిల్లు ఉందని నేరుగా వెల్డింగు షాపుకి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పైకి వాసన లేకపోయినా అతుకుల్లో, తుప్పు పొరల్లో పెట్రోలు దాగి ఉంటుంది.

విప్పడం, మూయడం

పెట్రోలంతా తీసేయండి. చాలా ట్యాంకులు గుర్రం జీనులా ఫ్రేముకి రెండు పక్కలా దిగి ఉంటాయి. ట్యాపు ఒక పక్కనే ఉంటుంది కాబట్టి రెండో పక్క మడుగు అలాగే నిలిచిపోతుంది. వంచి అదీ తీయండి. ఆ పాత పెట్రోలు కాలవలో పోయకండి, మన మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలవల నీళ్లతోనే. దగ్గర్లో మెకానిక్ ఉంటే సామాన్లు కడుక్కోవడానికి తీసుకుంటాడు.

ట్యాపు, మూత, పెట్రోలు ఎంతుందో మీటరుకి చెప్పే ఫ్లోటు, అన్నీ విప్పి పక్కన పెట్టండి. ట్యాపు కన్నానికి సైకిలు ట్యూబు ముక్క, దానిమీద చిన్న ఇనప రేకు పెట్టి అవే బోల్టులతో బిగించండి. మీటరు కన్నానికీ అంతే. ట్యాంకు బయటి పెయింటు కాపాడుకోవాలంటే కన్నాల చుట్టూ గ్రీజు రాసి, మిగతాదంతా పాలిథీన్ కవరు చుట్టండి. పుల్లనీళ్లు కారితే పెయింటు మీద మచ్చ ఉండిపోతుంది.

జిడ్డు వదిలించడం, పొరలు రాల్చడం

నేరుగా తుప్పు మందు పోస్తే పని జరగదు. పాత పెట్రోలు ఎండి జిగురు కట్టి ఉంటుంది, మందు దాన్ని దాటి తుప్పుని చేరదు. ముందు వేడినీళ్లలో సబ్బుపొడి బాగా కలిపి సగం దాకా పోసి ఊపండి. పారబోసి మళ్లీ పోయండి. వాసన తగ్గి, నీళ్లమీద నూనె మెరుపు పోయేదాకా, నాకు నాలుగుసార్లు పట్టింది. జిగురు మొండిగా ఉంటే అర లీటరు థిన్నర్ పోసి గంటసేపు తిప్పి, ఆ తర్వాత మళ్లీ సబ్బునీళ్లు పోయండి.

ఇప్పుడు వదులు పొరలు రాల్చాలి. గుప్పెడు మేకులో నట్లో వేసి ఊపుతారు చాలామంది. లెక్కపెట్టి వేసినా ఒకటి ఏ మూలో ఇరుక్కుంటుంది, దానికోసం సగం రోజు పోతుంది. నా మాట వినండి, రెండు మూరల సన్న ఇనప గొలుసు వేయండి. చివర కొసకి తీగ కట్టి ఆ తీగ మూతి బయట ఉంచండి. లోపల ఒక లీటరు సబ్బునీళ్లు పోసి, ట్యాంకుని పాత బొంతలో చుట్టి, ఇద్దరు కలిసి అటూ ఇటూ ఊపండి. మొదట ఘల్లుఘల్లుమని చప్పుడు వస్తుంది. పొరలు రాలేకొద్దీ గొలుసు రేకుకి నేరుగా తగిలి చప్పుడు పదునెక్కుతుంది. ఆ తేడా చెవికి తెలుస్తుంది. పది నిమిషాలకోసారి నీళ్లు మార్చండి. మొదటి నీళ్లు చిక్కటి ఇటుకరంగులో వస్తాయి, బియ్యపు నూకంత తుప్పు పలుకులతో.

తుప్పు కరిగించడం

ఇంట్లో చేసుకునేవాళ్లకి నేను చెప్పేది నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). కిరాణా కొట్లో దొరుకుతుంది, చౌక, చేతికి పెద్ద హాని లేదు. లీటరు నీళ్లకి 80 నుంచి 100 గ్రాములు. పది లీటర్ల ట్యాంకైతే కిలో తెచ్చుకుంటే సరి. చెయ్యి పెట్టగలిగినంత వేడినీళ్లలో కరిగించి ట్యాంకు అంచుదాకా నింపండి. సగమే పోస్తే పైభాగం తుప్పు అలాగే ఉండిపోతుంది, అక్కడే తుప్పు ఎక్కువని చెప్పుకున్నాం కదా.

ఇక్కడొక సూక్ష్మం ఉంది. మూతి దగ్గర రేకు లోపలికి కొద్దిగా దిగి ఉంటుంది. ఎంత నింపినా దాని చుట్టూ గాలి బుడగ నిలిచిపోయి ఆ భాగం తడవదు. గంటకోసారి ట్యాంకుని ఒక పక్కకి ఒరగేసి ఆ గాలి పోనివ్వండి, తగ్గినంత మందు మళ్లీ పోయండి. మూత మాత్రం బిగించకండి. పులుపు ఇనుముని తాకినచోట సన్నటి బుడగలు వస్తాయి, అది హైడ్రోజన్. దానికి దారి ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

పన్నెండు గంటల తర్వాత కొంత మందు తీసి టార్చి వేసి చూడండి. రేకు బూడిదరంగులో కనిపిస్తే చాలు. ఇంకా ఎర్రగా ఉంటే పాత మందు పారబోసి కొత్తది పోసి ఇంకో పన్నెండు గంటలు ఉంచండి. మర్చిపోయి రోజుల తరబడి వదిలేయకండి, తుప్పు అయిపోయాక పులుపు మంచి రేకుని తినడం మొదలెడుతుంది.

వెనిగర్ కూడా పనిచేస్తుంది, కాకపోతే నెమ్మది, ఖర్చూ ఎక్కువ. ఇత్తడి బిందె మెరిసింది కదా అని చింతపండు వాడొద్దు, పిప్పి అతుకుల్లో ఇరుక్కుంటుంది. బాత్రూంలు కడిగే యాసిడ్ అసలొద్దు. అరగంటలో తుప్పు పోగొట్టేది నిజమే గానీ, దానిలోని క్లోరైడు అతుకుల్లో మిగిలిపోయి వారం తిరక్కుండా కొత్త తుప్పు లేపుతుంది. పలచబడ్డ రేకుని చిల్లు చేస్తుంది కూడా.

తుప్పు మరీ ముదిరితే కరెంటు పద్ధతి ఉంది. ట్యాంకుని చాకలి సోడా నీళ్లతో నింపి, లీటరుకి ఒక చెంచా సోడా చొప్పున వేసి, మూతిలోంచి ఒక మామూలు ఇనప చువ్వని రేకుకి తగలకుండా రబ్బరు తొడుగులతో వేలాడదీయాలి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు నెగటివ్ ట్యాంకుకి, పాజిటివ్ చువ్వకి. తిరగేసి ఇస్తే తుప్పు బదులు ట్యాంకు కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ వాడకూడదు, అందులోని క్రోమియం విషమై నీళ్లలోకి దిగుతుంది. సోడా బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ గ్యాసు వస్తుంది. దీనిలోనూ హైడ్రోజన్ బాగా వస్తుంది కాబట్టి ఆరుబయటే, అదీ పెట్రోలు వాసన పూర్తిగా పోయాకే. క్లిప్పులు తీసేముందు స్విచ్చి కట్టేయండి, లేకపోతే క్లిప్పు దగ్గరే నిప్పురవ్వ పుడుతుంది. కరెంటు పని తెలిసినవాళ్లే చేయాలి. మిగతావాళ్లకి నిమ్మ ఉప్పు చాలు.

కడగడం: ఏ నీళ్లతో?

మందు పారబోయగానే నీళ్లతో ఒకసారి కడిగి, లీటరుకి రెండు చెంచాల వంట సోడా కలిపిన నీళ్లు పోసి బాగా తిప్పండి. పులుపు మిగిలిన చోట నురగ వస్తుంది. నురగ రాకుండా పోయేదాకా చేయండి. పారబోసే మందులోనూ కొంచెం సోడా వేసి, చెరువుకీ కాలవకీ చేపల గుంటకీ దూరంగా ఖాళీ నేలమీద పోయండి.

ఆఖరి కడుగుడికి బోరు నీళ్లు వాడకండి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు నాలిక మీద వేస్తేనే ఉప్పగా తెలుస్తాయి, ఆ ఉప్పు శుభ్రమైన రేకు మీద మిగిలితే ఇంత కష్టమూ వృథా. వేసవిలో కాలవలు కట్టేస్తే కాలవ నీళ్లూ ఉండవు. తాగే నీళ్లకి తెప్పించుకునే 20 లీటర్ల టిన్ను ఒకటి ఈ పనికి పక్కన పెట్టుకోండి.

ఆరబెట్టడం

తుప్పు వదిలిన ఉక్కు పసిబిడ్డ చర్మం లాంటిది. మన తేమలో పదిహేను నిమిషాలు తడిగా వదిలితే పసుపు రాసినట్టు నారింజరంగు పొర వచ్చేస్తుంది. నా మొదటి పనిలో అదే జరిగింది. సన్నటి పొరే కదా అని దానిమీదే పూత వేశాను. పూత రేకుని పట్టుకోలేదు, ఆ పొరని పట్టుకుంది, పొరతో సహా ఊడి వచ్చింది.

కాబట్టి కడిగేముందే అన్నీ సిద్ధంగా ఉంచుకోండి. ఎండ గట్టిగా కాసే రోజు, ఉదయం మంచు విడిచాక, అంటే పదింటికి కడుగుడు మొదలుపెట్టండి. మాఘం చివరినుంచి వైశాఖం దాకా మంచి కాలం. ముసురులో వద్దు, తుఫాను కబురు ఉన్నప్పుడు వద్దు. నీళ్లు వంపగానే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ ఎసిటోన్ గానీ పావు లీటరు పోసి అన్ని మూలలకీ తిప్పి వంపేయండి. అతుకుల్లో దాగిన నీళ్లని అది తనలో కలుపుకుని బయటికి తెస్తుంది. ఇంకోసారి కొత్తది పోసి అదే చేయండి.

తర్వాత కన్నాలన్నీ తెరిచి గంటసేపు గాలికి వదలండి. ఆల్కహాల్ ఆవిరీ మండేదే, అది పోయేదాకా వేడిగాలి యంత్రం దగ్గరికి తేకండి. వాసన పోయాక బ్లోయరుతో మామూలు గాలి లోపలికి ఊదండి. వాక్యూమ్ క్లీనరుతో లోపలి గాలి లాగొద్దు, ఆవిరి నేరుగా మోటారులోకి పోతుంది. పంక్చరు షాపులో గాలి పట్టిస్తానంటే ముందు ఆ కంప్రెసరు అడుగు ట్యాపు తిప్పి నీళ్లు వదిలించండి, లేకపోతే ఎండబెట్టడం పోయి తడి పట్టించినట్టవుతుంది.

అప్పుడు డాబా మీద ఎండలో, మూతి పక్కకి ఉండేలా పెట్టండి. సాయంత్రం మంచు పడకముందే ఇంట్లోకి తెచ్చేయండి. ఆరిందో లేదో చేత్తో తెలియదు. మూతికి పల్చటి పారదర్శకమైన పాలిథీన్ కాగితం రబ్బరు బ్యాండుతో బిగించి, మిగతా కన్నాలూ మూసి, పావుగంట ఎండలో ఉంచండి. కాగితం లోపలివైపు చెమట పడితే ఇంకా తడి ఉంది. మొదటిసారి నాకీ సంగతి తెలియదు. రెండోసారి చూసినప్పుడు, పూర్తిగా ఆరిందనుకున్న ట్యాంకు కాగితం మీద ఆవగింజలంత చుక్కలు వరసగా నిలబడ్డాయి. మరో రోజు ఎండబెట్టాను.

చిల్లులు

చీకటి గదిలో ట్యాంకు లోపలికి చిన్న టార్చి బల్బు దింపి బయటినుంచి చూడండి. సూదిమొన చిల్లు కూడా నక్షత్రంలా కనిపిస్తుంది. అడుగు అతుకులు, ట్యాపు చుట్టూ మరీ జాగ్రత్తగా చూడండి. సూదిమొనల వరకూ పూత మూస్తుంది. అంతకన్నా పెద్దదైతే ముందే టంకం గానీ ఇత్తడి వెల్డింగు గానీ చేయించాలి. ఇన్నిసార్లు కడిగిన తర్వాత కూడా, ట్యాంకుల పని తెలిసిన మేస్త్రీ దగ్గరే చేయించండి. రేకు వేలితో నొక్కితే లోపలికి పోయే స్థితిలో ఉంటే పూత దాన్ని కాపాడలేదు, వేరే ట్యాంకు చూసుకోవడమే.

పూత వేయాలా, వద్దా?

చిల్లులు లేకుండా, బండి రోజూ తిరిగేదైతే నేను పూత వద్దంటాను. ఆరిన వెంటనే పావు లీటరు పెట్రోలులో రెండు మూతల టూ-టీ ఆయిలు (టూ-స్ట్రోక్ ఇంజన్ల ఆయిలు) కలిపి లోపలంతా తిప్పి, ఆ వెంటనే ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి. చాలు. చిల్లులు పడ్డదానికీ, నెలల తరబడి నిలబడే బండికీ పూత వేయండి.

పెట్రోల్ ట్యాంకుల కోసమే చేసిన సీలరు తెప్పించుకోండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉండాలి. ఇంటి పెయింటు, రెడాక్సైడు, మామూలు ఎపాక్సీ ముద్ద, ఇవేవీ లోపల నిలవవు. బండి ట్యాంకుకి దాదాపు పావు లీటరు సరిపోతుంది.

ట్యాపు కన్నం మరలకి గ్రీజు రాసిన బోల్టు బిగించండి. ట్యాంకు ఎండ వేడి మీద ఉండకూడదు, నీడలో చల్లబడనివ్వండి. రెండు భాగాల సీలరైతే డబ్బా మీది కొలత ప్రకారమే కలపండి, కంటి అంచనా వద్దు. మన వేసవి వేడికి అది డబ్బా మీద రాసినదానికన్నా త్వరగా చిక్కబడుతుంది, కాబట్టి కలపగానే పోసేయండి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి.

పోశాక దోసె పెనం మీద నూనె తిప్పినట్టు నింపాదిగా తిప్పండి. ముందుకి, వెనక్కి, ఎడమ, కుడి, బోర్లా, వెల్లకిలా, ఒక్కో వైపు నిమిషం చొప్పున, పావుగంటసేపు. అప్పుడు మిగిలినదంతా బయటికి వంచండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. మడుగు కట్టిన చోట పూత పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది, రేపు ఊడేది ఆ ముక్కే. జీను రెండో పక్కా చూడండి. అరగంట తర్వాత మళ్లీ వంచి చూడండి. మూతి అంచు తుడవండి. పూత జిగటగా ఉండగానే గ్రీజు బోల్టు తీసేయండి, గట్టిపడితే మరలు పట్టేస్తాయి.

కన్నాలు తెరిచి, గాలాడే నీడలో, డబ్బా మీద ఎన్ని రోజులుంటే అన్ని రోజులు వదలండి. నేను ఏడు రోజులు వదిలాను. వేలి చివర తగిలితే గాజులా ఉండాలి, గోటితో గీస్తే గీత పడకూడదు.

బిగించి, నడిపించడం

ట్యాపు వాచర్లు కొత్తవి వేయండి. ట్యాపుకీ కార్బొరేటరుకీ మధ్య చిన్న ఫిల్టరు పెట్టండి. కార్బొరేటరు గిన్నె విప్పి కడగండి, ట్యాంకులోంచి వచ్చిన పాత తుప్పు సగం అక్కడే ఉంటుంది. మూత రబ్బరు చూడండి, మూత గాలికన్నం సూదితో తెరవండి. మొదటి ట్యాంకు పెట్రోలు అయ్యాక ఫిల్టరు తీసి వెలుతురులో పెట్టి చూడండి. పూత ముక్క ఒక్కటి కనిపించినా బండి ఆపి ట్యాంకు మళ్లీ విప్పాలి.

చేపల చెరువుల మీద డీజిల్ ఇంజన్లు నడిపేవాళ్లకి ఒక మాట. మీ ట్యాంకు అడుగున నల్లటి జిగట కనిపిస్తే అది తుప్పు కాదు, డీజిలుకీ నీళ్లకీ మధ్య పెరిగే సూక్ష్మజీవుల జిగురు. వేడి సబ్బునీళ్లతో కడిగి, వారానికోసారి అడుగు బోల్టు వదులు చేసి నీళ్లు తీసేస్తే మళ్లీ రాదు.

ఇక బండి ఎప్పుడు నిలబెట్టినా ట్యాంకు నిండుగా ఉంచండి. తేమగాలికి లోపల చోటు లేకుండా చేయడమే దీనికి మందు. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలియగానే బండి గట్టెక్కించే వీలుంటే గట్టెక్కించండి. లేకపోతే ట్యాపు కట్టి, మూత మీద పాలిథీన్ కవరు వేసి, సైకిలు ట్యూబు ముక్కతో మూతి చుట్టూ నాలుగు చుట్లు గట్టిగా బిగించండి. నీళ్లు తీశాక ఆ కట్టు విప్పేముందు చుట్టూ పేరుకున్న ఒండ్రు తడిగుడ్డతో తుడవండి, తర్వాతే మూత తీయండి.